ఆసుపత్రి నర్సులు – వారి కొలువులోని కష్టసుఖములు



నేటి సాయంకాలము నేను ప్రస్తావింపదలచిన విషయము ఆసుపత్రులలో పనిచేయు నర్సుల ఉద్యోగజీవనము. ఇది పట్టణమువారి సంగతి గదా, పల్లెలో రచ్చబండమీద కూర్చుండు మాకు దీనితో నేమి పని యని మీలో కొందరనుకొనవచ్చును. కాని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణముల ఆసుపత్రి మంచములమీద పండుకొనువారిలో పెక్కురు పల్లెవారే. ఆ మంచములచెంత రాత్రియంతయు మేలుకొనియుండు నర్సులలోను పెక్కురు పల్లెల బిడ్డలే. కావున ఇది రెండు విధముల మీ యింటి సంగతియే.

నేను కోదాడకు చేరువనున్న యొక పల్లెలో పుట్టి, నర్సు చదువు చదివి, 32 ఏండ్లు వేర్వేరు ఆసుపత్రులలో పనిచేసి విశ్రాంతి పొందినదానను. చెప్పబోవు మాటలలో కొన్ని చదివి తెలిసికొన్నవి; కొన్ని కాళ్లనొప్పులతో తెలిసికొన్నవి.

రైతు ఎద్దును కట్టునపుడు దాని మెడ పుండుపడకుండ కాడిని సరిచూచును. ఎండ ముదిరిన అరకవిప్పి నీరు పెట్టును. ఒంటెద్దుచేత రెండెడ్ల పని చేయింపడు. పశువు విషయమున మనము పాటించు ఈ వివేకమును మనుష్యుల కొలువు విషయమున తరచు మరచుచుందుము. మనుష్యుడు చేయు పని అతని దేహమును, మనసును, కుటుంబమును చెడగొట్టకుండ, అతనికి గౌరవమును, ఎదుగుదలను ఇచ్చుచున్నదా యని విచారించుటనే పండితులు ఉద్యోగజీవన నాణ్యత అనుచున్నారు. అమెరికా దేశపు ఆచార్యుడు రిచర్డు వాల్టను 1973లో దీనికి ఎనిమిది లక్షణములను చెప్పెను. తగిన జీతము, క్షేమకరమైన పనిచోటు, నేర్పును వాడుకొను అవకాశము, ఉద్యోగస్థిరత్వముతోడి ఎదుగుదల, తోటివారితో పొత్తు, న్యాయమైన నియమములు, ఇంటికిని పనికిని నడుమ సమతూకము, చేయు పని సంఘమునకు ఉపయోగపడుచున్నదను తృప్తి – ఇవి ఆ యెనిమిది. ఈ కొలతతో మన నర్సుల కొలువును కొలిచి చూతము.

అన్నిటికంటె మొదటిది, ఎందరు రోగులకు ఎందరు నర్సులు అను లెక్క. 1946లో వెలువడిన భోర్ సంఘపు నివేదిక ప్రకారము ఆనాటి బ్రిటిషు ఇండియాలో సుమారు 7,000 మంది నర్సులు మాత్రమే యుండిరి. అనగా 43,000 మంది ప్రజలకు ఒక్క నర్సు. నర్సులు పనిచేయు పరిస్థితులు బాగులేవనియు ఆ సంఘమే చెప్పెను. అప్పటికిని ఇప్పటికిని పరిస్థితి చాల మారినది. మన తెలంగాణములో 2024 జనవరి 31వ తేదీన ఒక్కనాడే హైదరాబాదు ఎల్.బి. స్టేడియమున 6,956 మంది నర్సులకు ప్రభుత్వ నియామకపత్రములు ఇయ్యబడినవి. ఇది సంతోషింపదగిన విషయము. అయినను వార్డులోని లెక్క వేరు, కాగితముమీది లెక్క వేరు. అదెట్లో మనవి చేసెదను.

సాగరు ఎడమకాలువ నీటివంతుల లెక్క మీకు బాగుగ తెలియును. కాలువ రేయింబవళ్లు పారునపుడు తూముకడ నొక మనిషి ఎల్లవేళల నుండవలెనన్న ఒక్కరిని నియమించిన చాలదు గదా! వార్డును అట్టిదే. వారమునకు 168 గంటలు. ఒక నర్సు వారమునకు 48 గంటలు పనిచేయునని యనుకొందము. అప్పుడు ఒక్క స్థానమున ఎల్లప్పుడు ఒక నర్సు ఉండవలెనన్న మూడున్నర మంది కావలెను. పండుగ సెలవులు, జబ్బు సెలవులు, ప్రసూతి సెలవులు కలిపిన నలుగురును చాలరు. కావున ఒక ఆసుపత్రిలో 20 మంది నర్సులున్నారని చెప్పినచో, ఏ వేళనైనను మంచములకడ నిలిచియుండువారు అయిదుగురికి మించరు. భారతీయ నర్సింగు మండలి ప్రమాణము ప్రకారము వైద్యకళాశాలకు చేరిన ఆసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు ఉండవలెను. సెలవులకై నూటికి 30 వంతున అదనముగ నుండవలెను. ఈ ప్రమాణమును చేతబట్టుకొని రాత్రి పన్నెండు గంటలకు వార్డులో నడచి చూచినవారికి దానికిని వాస్తవమునకును గల దూరము తెలియును.

ఇక్కడ నా యనుభవములోని యొక రాత్రిని చెప్పుట అవసరము. అది ఏ యూరి ఆసుపత్రియో చెప్పను. అట్టి రాత్రి ఏ యూరనైనను రాగలదు. పురుషుల వార్డులో 40 మంది రోగులు. నర్సులము ఇద్దరము, నేనును, కొత్తగ చేరిన యొక పిల్లయు. నడిరేయి దాటినపిదప రహదారిమీద లారీ యొకటి ట్రాక్టరును ఢీకొనగా గాయపడిన వారారుగురు వచ్చిరి. నన్ను అత్యవసర విభాగమునకు పిలిచిరి. వార్డులో ఆ పిల్ల యొక్కతెయే మిగిలెను. ఆమె యప్పుడే యొక రోగికి రక్తము ఎక్కించుట మొదలుపెట్టియుండెను. రక్తమెక్కించునపుడు మొదటి పావుగంట నర్సు రోగిని విడిచి కదలరాదు. రక్తము పడనిచో ఆ వేళనే చలి, ఆయాసము కనబడును, వెంటనే ఆపకున్న ప్రాణాపాయము. ఇంతలో నాలుగు మంచముల కవతల, కడుపు ఆపరేషనయిన యొక ముసలి రైతు, "బిడ్డా, జర బయటికి తీస్కపో" అని మూడుసార్లు పిలిచెను. "ఒక్క నిమిషం తాతా, లేవకు" అని ఆమె అక్కడనుండియే చెప్పెను. ఆయన ఆగలేక తానే దిగెను. తడినేలమీద జారి పడెను. తుంటి యెముక విరిగెను.

తెల్లవారినది. ఆయన కొడుకు వచ్చి ఆ పిల్లమీదికి చేయెత్తెను. పైయధికారులు ఆమెను సంజాయిషీ అడిగిరి. ఆ రాత్రి 40 మందికి ఎందరు నర్సులుండిరని ఎవ్వరును అడుగలేదు. అందరికంటె పెద్దదాననైన నేను నివేదికలో ఆ సంఖ్యను వ్రాయవలసినది, వ్రాయలేదు. వ్రాసిన నామీదికి వచ్చునని భయపడితిని. మూడు నెలలలో ఆ పిల్ల కొలువు మానివేసెను. పిదప నొక బట్టలదుకాణములో పనికి కుదిరెనని వింటిని. ఆ ముసలాయన మాత్రము ఇంటికి పోవుదినమున నన్ను పిలిచి, "ఆ పిల్ల తప్పేం లేదమ్మా. నేను పిలిచినప్పుడల్ల నా దిక్కు చూసింది. చెయ్యి ఖాళీ లేకుండె" అనెను. ఆ మాటను అధికారులకు చెప్పవలసినది నేను. చెప్పినది ఆయన, అదియును నాకు. ఈ తప్పు నేటికిని నా మనసులో నున్నది. ఈ ప్రసంగమునకు ఒప్పుకొనుటకును అదియే కారణము.

ఇది నా యొక్కదాని యనుభవమని మీరు అనుకొనవలదు. 2002లో లిండా ఐకెన్ అను విదుషియు ఆమె సహచరులును అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 168 ఆసుపత్రులను పరిశోధించిరి. ఒక్కొక్క నర్సుమీద ఒక్క రోగి భారము హెచ్చినకొలది, ఆపరేషనయినవారు 30 దినములలోపల మరణించు అవకాశము నూటికి 7 వంతున హెచ్చుచున్నట్లును, నర్సుకు పనిపై విసుగు, నీరసము కలుగు అవకాశము నూటికి 23 వంతున హెచ్చుచున్నట్లును వారు కనుగొనిరి. అనగా నర్సు కష్టము నర్సుతో ఆగదు. అది మంచముమీది మనిషిని చేరును.

రెండవది జీతము, ఉద్యోగస్థిరత్వము. ఒకే వార్డులో ఒకే పని చేయు నర్సులలో ఒకరు ప్రభుత్వపు శాశ్వతోద్యోగి, ఒకరు ఒప్పందముమీద వచ్చినవారు, మరియొకరు ఏజెన్సీ ద్వారా వచ్చినవారు. పని సమానము, జీతములు అసమానము. ఏజెన్సీ జీతము నెల దాటి వచ్చినపుడు ఇంటి కిరాయి, పిల్లల ఫీజు ఆగవు గదా! ప్రైవేటు నర్సింగుహోముల సంగతి మరియు కష్టము. సుప్రీంకోర్టు 2016 జనవరి 29న ఇచ్చిన యాదేశమును బట్టి కేంద్రప్రభుత్వము నియమించిన సంఘము కొన్ని సిఫారసులు చేసెను. 200 పడకలకు మించిన ప్రైవేటు ఆసుపత్రులలో నర్సులకు ప్రభుత్వ నర్సులతో సమానముగ జీతమీయవలెననియు, 50 పడకలలోపు ఆసుపత్రులలో సైతము నెలకు 20,000 రూపాయలకు తక్కువ కారాదనియు అందులో నున్నది. అది సిఫారసు మాత్రమే; ఆచరణలోనికి తెచ్చుట రాష్ట్రముల పని. చదువుకై పొలము తాకట్టుపెట్టిన తండ్రులు మీలోనే యున్నారు. ఆ బిడ్డ తెచ్చు జీతముతో ఆ అప్పు ఎన్నేండ్లకు తీరునో వారు లెక్క వేసియే యుందురు.

మూడవది దేహక్షేమము. మన వైపు అనేక ఆసుపత్రులలో పగటి వంతులు ఆరేసి గంటలు, రాత్రి వంతు పన్నెండు గంటలు. రోగులను ఎత్తుట, త్రిప్పుట చేత నడుము పట్టును. నిలుచుండుటచేత కాళ్లనరములు ఉబ్బును. ఆత్రములో సూది గ్రుచ్చుకొన్నచో కామెర్లవ్యాధి కలిగించు హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. వంటివి సోకు ప్రమాదము కలదు. హెపటైటిస్-బికి టీకా కలదు. మొదటి మోతాదు, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది వేయించుకొనవలెను. వాడిన సూదికి తిరిగి మూత పెట్టక వెంటనే ప్రత్యేకమైన డబ్బాలో వేయుట క్షేమము. ఇవి చిన్న సంగతులు. కాని ఒక్క నర్సు నలువదిమందికి పరుగులిడు రాత్రి చిన్న సంగతులే ముందుగ జారిపోవును. ఇంకొకటి చెప్పుటకు సంకోచింపను. నర్సులకు శుభ్రమైన మరుగుదొడ్డి, తలుపుగడియగల విశ్రాంతిగది లేని చోట్లు నేను చూచితిని. మరుగునకు పోవలసివచ్చునని నీరు త్రాగుట మానివేసి, మూత్రవ్యాధులు తెచ్చుకొన్న ఆడపిల్లల నెరుగుదును.

నాలుగవది మర్యాద. రోగి బంధువు దుఃఖములో నున్నాడు, అది నిజమే. వైద్యుడు రాకున్నను, మందు లేకున్నను, పరీక్ష ఆలస్యమయినను, అతనికి ఎదురుగ కనబడునది నర్సు యొక్కతెయే. కావున కోపమంతయు ఆమెమీదనే పడును. ఉమ్మడి రాష్ట్రమున 2008లో చేయబడిన చట్టము ప్రకారము వైద్యసిబ్బందిపై దౌర్జన్యము చేసినవారికి 3 సంవత్సరముల వరకు జైలును, 50,000 రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. కాని చట్టము పోలీసుస్టేషనులో నుండును. వార్డులో నుండవలసినది సంస్కారము. పైయధికారులు నలుగురిలో మందలించుటయు, నర్సు పని కాని రిజిస్టర్లు, కంప్యూటరు నమోదులు ఆమెమీదనే వేయుటయు ఈ యగౌరవములోనివే. మంచి హెడ్‌నర్సు ఉన్న వార్డులో జీతము తక్కువైనను పిల్లలు నిలుతురు. తప్పు జరిగినపుడు అండగా నిలుచు పెద్ద లేనిచోట జీతమెక్కువైనను నిలువరు. నేను అండగా నిలువని రాత్రిని మీకు చెప్పియే యున్నాను.

అయిదవది ఇల్లు. రాత్రంతయు మేలుకొని వచ్చిన నర్సు తన యింట పండుకొనదు. పొయ్యి వెలిగించును, పిల్లలను బడికి పంపును, అత్తమామలకు అన్నము పెట్టును. 2017లో సవరింపబడిన చట్టము ప్రసూతి సెలవును 26 వారములు చేసినది. 50 మంది గాని అంతకు మించి గాని పనిచేయుచోట శిశుసంరక్షణగృహము ఉండవలెననినది. సెలవు కొందరికైనను దొరకుచున్నది. పాలుత్రాగు బిడ్డను ఇంట విడిచి పన్నెండు గంటలు ఆసుపత్రిలో నుండు తల్లికి ఆ గృహము మాత్రము ఇంకను దూరముగనే యున్నది.

ఇక మన మూడు పట్టణముల సంగతి. సూర్యాపేట హైదరాబాదు–విజయవాడ రహదారిమీద నున్నది. 2016 అక్టోబరు 11న జిల్లాకేంద్రమయినది. 2019లో ప్రభుత్వ వైద్యకళాశాల మొదలయినది. రహదారి ప్రమాదములు, రెండేండ్లకొకమారు జరుగు దురాజుపల్లి లింగమంతులస్వామి జాతర రద్దీ అక్కడి నర్సులకు తెలిసినవే. కళాశాల వచ్చుటచేత వైద్యులు పెరిగిరి, చికిత్సలు పెరిగినవి. వానితోపాటు నర్సు చూడవలసిన పనియు పెరిగినది. కోదాడ ఆంధ్రప్రదేశపు సరిహద్దున నున్నది. పెద్ద చికిత్స కావలసినవారిని ఖమ్మమునకో, విజయవాడకో, హైదరాబాదునకో పంపవలసివచ్చును. పురుగుమందు త్రాగినవారు, పాముకాటువారు వచ్చినపుడు మొదటి గడియలో ప్రాణము నిలుపు భారము చిన్న యాసుపత్రిమీదనే పడును. మిర్యాలగూడ బియ్యపుమిల్లుల యూరు. బీహారునుండి వచ్చిన హమాలీలు అక్కడ పెక్కురు పనిచేయుదురు; దామరచర్ల వైపునుండి లంబాడీ తండాల తల్లులు కాన్పులకు వత్తురు. కావున అక్కడి నర్సు తెలుగుతోపాటు హిందీయు, కొంత లంబాడీ భాషయు నేర్చుకొనవలసినదే. ఆ నేర్పు ఆమె సర్టిఫికేటులో కనబడదు, జీతములో కలియదు. కాని నొప్పి ఎక్కడనో చెప్పలేని మనిషికి ఆ రెండు మాటలే మొదటి మందు.

ఇంత కష్టముండగా ఈ పనిలో ఎందుకుందురని మీరడుగవచ్చును. వాల్టను చెప్పిన యెనిమిదవ లక్షణము, పని ఉపయోగపడుచున్నదను తృప్తి, మా కొలువులో నున్నంతగ మరెక్కడను లేదు. ఊపిరాడని బిడ్డ తెల్లవారుజామున పాలు త్రాగిననాడు మాకు నిదుర గుర్తుకురాదు. కాని ఆ తృప్తినే సాకుగ జేసికొని, "మీది సేవ గదా" యని తక్కిన యేడింటిని ఎగవేయుట న్యాయము కాదు. సేవ చేయువారికిని ఆకలియు, నిదురయు, అవమానమును గలవు.

పెద్దలు మీరు చేయగలిగినవి కొన్ని మనవి చేసెదను. ఆసుపత్రికి పోయినపుడు, "రాత్రి ఈ వార్డున ఎందరు నర్సులుందురు?" అని అడుగుడు. తక్కువయున్నచో ఆ సంఖ్యను కాగితముమీద వ్రాసి, కలెక్టరు కార్యాలయమున సోమవారము జరుగు ప్రజావాణిలో ఇండు. మీ శాసనసభ్యునకు చెప్పుడు. నర్సు చెప్పిన ఫిర్యాదుగ తోచును. ఊరిపెద్దలు చెప్పిన ప్రజల అవసరముగ వినబడును. లోపము కనబడిన నర్సుమీద అరువక, అధికారికి వ్రాసియిండు. రోగివెంట పదిమంది పోక ఒక్కరిని, నిలిచి సాయపడువారిని పంపుడు. తడిసిన నేల కనబడిన వెంటనే చెప్పుడు.

చివరిదొకటి. పెండ్లిసంబంధముల మాటలలో, "రాత్రి డ్యూటీ చేసెడి పిల్ల మాకు వద్దు" అను మాట నేను చాలసారులు వింటిని. అట్లనినవారే జబ్బుపడిన రాత్రి, "సిస్టరమ్మా" యని పిలుచుటయు వింటిని. ఈ రెండు మాటలు ఒక్క నోటినుండి రాకుండ చూచుట మీ చేతిలోనున్నది. నర్సు కోడలుగ వచ్చినచో, రాత్రి పనిచేసి వచ్చిన ఉదయమున ఆమెను నాలుగు గంటలు నిదురపోనిండు. ఆ పూట పొయ్యి కడకు కొడుకును పంపుడు. ఆ నాలుగు గంటల నిదుర మరునాటి రాత్రి ఎవరి తండ్రినో మంచముమీదనుండి పడకుండ కాపాడును.